పంటికి పైన గీత

ఆ ఎండాకాలం నాకు మనుషుల ముఖాలు గుర్తులేవు. ముఖాల లోపల ఉండేవే గుర్తున్నాయి. ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, స్కాన్ యంత్రం నడపడం నా పని. మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం, తల కదలకుండా పట్టీ కట్టడం, అద్దం ఇవతలికి వచ్చి మీట నొక్కడం. పద్నాలుగేళ్లుగా అదే. ఆ ఏడాది రెండో యంత్రం పాడై మూలన పడింది. రెండు యంత్రాల జనం ఒక్కదాని మీద పడ్డారు. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం మూడు దాటితే గానీ గొంతులో నీళ్లు పడేవి కావు. ఇంటికెళ్లేసరికి నడుం పడిపోయేది. ఎవరైనా "ఎలా ఉంది?" అని అడిగితే ఏడుపొచ్చేది, అందుకని అడక్కపోవడమే మేలనుకునేదాన్ని.

ఇంట్లో అడిగే మనిషి ఒక్కరే, మా అత్తయ్య. మా ఆయన లారీ తోలతారు. వారానికోసారి వస్తే వచ్చినట్టు. మిగతా రోజులు ఆ రెండు గదుల్లో అత్తాకోడళ్లం ఇద్దరమే.

అత్తయ్యది పాల డెయిరీలో ఉద్యోగం. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "మూతలు వాసన చూస్తాను" అనేది. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వే పని కాదది. పొద్దున్నే పాల క్యాన్లు డాక్ మీదికి, అంటే వ్యాన్లు ఆగే అరుగు మీదికి, వరసగా వస్తాయి. ఒక్కో క్యాను మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చాలి. బాగుంటే చెయ్యి ఇటు. పాలు పులిసినా, పశువుకి పొదుగు జబ్బు చేసినా చెయ్యి అటు. అటు అంటే వెనక్కి. చెడ్డ క్యాను ఒక్కటి ట్యాంకులో పడినా ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ డాక్ మీద మూతలు అత్తయ్య చేతిలోనే ఉన్నాయి. ఆవిడ చెయ్యి అటు వెళ్లాక ఎందుకని అడిగినవాడు లేడు.

"మా అమ్మ ముక్కు కోర్టు" అని మా ఆయన ఏడిపించేవారు.

"కోర్టయితే పై కోర్టుకి పోతారు. నా దగ్గర ఆ ముచ్చట లేదు," అనేది ఆవిడ.

వడగాడ్పులు మొదలైన వారంలో ఆవిడకు జలుబు చేసింది.

"ఎండాకాలంలో జలుబేంటి అత్తయ్యా, విడ్డూరంగా," అన్నాను.

"నన్నడిగితే నాకేం తెలుసు, దాన్నడుగు," అంటూ కుడి ముక్కు చీదింది.

కుడి ముక్కు ఒక్కటే. ఎడమ వైపు శుభ్రంగా ఉంది. రెండూ కారితే జలుబు, ఒకటే కారితే లోపల ఏదో కొలువున్నట్టని మా స్కాన్ గది ఊడ్చే ఆవిడకు కూడా తెలుసు. నాకు తెలియదా, తెలుసు. పొద్దస్తమానం ఆ పనిలోనే ఉన్నదాన్ని ఇంట్లో కూడా ఆ మాటెత్తడం ఇష్టం లేక, "ఆవిరి పట్టండి" అని మంచమెక్కాను.

తరవాత వాసన మొదలైంది. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను లేపి, "ఇంట్లో ఎలకేదో చచ్చింది, లే," అంది. నాకేం వాసన రాలేదు. అయినా బీరువా జరిపాం. బియ్యం డబ్బాలన్నీ బయట పెట్టాం. మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి అటక ఎక్కి దుమ్ము కొట్టుకుపోయి దిగారు. ఎలకా లేదు, పిల్లీ లేదు. ఉన్న ఒక్క సెలవూ అలా తగలడిందని నాకు ఒళ్లు మండింది. ఆవిడ మటుకు గది మధ్యలో నిలబడి, "ఇప్పుడు లేదు. వంగితే వస్తోంది," అంది. ఆ మాట నా చెవిన పడింది, అంతే. బుర్రలోకి ఎక్కలేదు.

డెయిరీలో గొడవ ఆ తరవాత పదిహేను రోజులకు అయింది. అత్తయ్య ఆ రోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం ముట్టలేదు.

"ఏమైంది?"

"వ్యానులో పాలు తెచ్చేవాడొకడు ఉన్నాడు కదా, పెద్ద నోరు. వాడి క్యాను వెనక్కి పంపాను. పరీక్ష చేసి చూపించు అని గోల పెట్టాడు. సూపర్‌వైజరు గిన్నెలో కాచి చూశాడు."

"విరిగాయా?"

"విరగలేదు. మంచి పాలు. బంగారం లాంటి పాలు. నాకు మాత్రం కుళ్లు కంపు కొట్టాయి."

సూపర్‌వైజరు మా ఆయన ఈడువాడు. అత్తయ్యంటే గౌరవం ఉన్నవాడే. వ్యానువాణ్ని ఎలాగో సముదాయించి పంపేశాడట. తరవాత ఆవిణ్ని పక్కకు పిలిచి, "ముక్కు చూపించుకోమ్మా. అప్పటిదాకా క్యాన్లు కడిగే దగ్గర ఉండు. వానలు పడేదాకా నీ చోటు ఆపుతాను. ఆ పైన నా చేతుల్లో ఉండదు," అన్నాడట. పైవాళ్లు వాసన చూసే యంత్రమేదో తెప్పించాలని ఏడాదిగా గునుస్తున్నారు. అత్తయ్య ముక్కు ఉండబట్టే అది ఆగింది.

"ఇరవై ఎనిమిదేళ్లు," అంది అత్తయ్య గోడతోనే. "గొట్టంతో నీళ్లు కొట్టి క్యాన్లు కడగమన్నాడు."

"నాలుగు వారాల్లో తగ్గిపోతుంది అత్తయ్యా. మా ఆస్పత్రిలోనే చూపిద్దాం. నేనున్నానుగా."

నేనున్నానుగా అన్న ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ పూట అన్నం తింటూ ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. వ్యాను లేకుండా రోజూ ఆఖర్న నడిచొచ్చి పాలు పోసే మనిషి ఒక్కతే ఉంది. ఒకటే ఆవు, రెండు చిన్న క్యాన్లు. డాక్ మీద అందరూ రెండు క్యాన్లావిడ అంటారు. ఆమె పాలు అత్తయ్య పదకొండు రోజులు వరసగా వెనక్కి పంపింది. వ్యానువాడిలా ఆమె నోరెత్తలేదు. మూత పెట్టుకుని, క్యాన్లు ఎత్తుకుని వెళ్లిపోయేది. పన్నెండో రోజు నుంచి రావడం మానేసింది.

"ఆమె ఆవుకి మటుకు ఏదో ఉంది," అంది అత్తయ్య. "ఒకరోజు తప్పితే తప్పొచ్చు. పదకొండు రోజులూ తప్పుతుందా నా ముక్కు?"

మా ఆస్పత్రిలో ముక్కు డాక్టరమ్మ మంచిది, కాకపోతే క్షణం తీరిక లేదు. దీపం వేసి చూసి, బుగ్గ మీద తట్టి, "పన్ను నొప్పేమైనా ఉందా?" అనడిగింది. లేదంది అత్తయ్య. నిజమే, లేదు. పది రోజులు మాత్రలు వాడినా తగ్గకపోయేసరికి, "సైనస్ స్కాన్ తీయించండి. తీసేది మీ కోడలేగా," అని నవ్వింది.

సైనస్ అంటే పెద్ద సంగతేం కాదు. బుగ్గ ఎముకల్లో, కళ్ల మధ్యలో, నుదుటి వెనక ఉండే గాలి గదులు. స్కాన్‌లో గాలి నల్లగా, ఎముక తెల్లగా కనబడతాయి. గది నల్లగా ఉంటే ఆరోగ్యం, బూడిద రంగు కమ్మితే లోపల వాపు గానీ చీము గానీ ఉన్నట్టు. స్కాన్ మొదలెట్టే ముందు తల పక్కవాటు బొమ్మ ఒకటి వస్తుంది. దాని మీద మేం రెండు గీతలు గీస్తాం. ఎక్కడ మొదలెట్టాలో పై గీత, ఎక్కడ ఆపాలో కింది గీత. ఆ రెంటి మధ్య ఉన్నదే యంత్రం చూస్తుంది.

ఆ కింది గీత దగ్గరే మా గదికి ఒక అలవాటు ఉంది. నోట్లో లోహపు తొడుగు వేసిన పన్ను ఉంటే దాని నుంచి తెల్లటి చారలు లేచి బొమ్మంతా పాడు చేస్తాయి. రిపోర్టులు రాసే పెద్ద డాక్టరుగారికి చారలంటే ఒళ్లుమంట. ఆయనకు మేం పెట్టుకున్న పేరు చారల డాక్టరు. నేను చేరిన కొత్తలో చారలున్న బొమ్మ పంపానని అందరి ముందూ కడిగేశారు. అప్పటి నుంచి కింది గీత అంగిలి దగ్గరే ఆపేయడం మొదలెట్టాను. పళ్లు ఉండవు, చారలు ఉండవు, ఆయన నోరూ లేవదు. బొమ్మలు అద్దంలా వచ్చేవి. కొత్తగా చేరినవాళ్లకు కూడా నేనే నేర్పాను, "పళ్ల జోలికి పోకండి" అని. అందరూ నా బొమ్మలు శుభ్రంగా ఉంటాయని మెచ్చుకునేవాళ్లు.

అత్తయ్య వచ్చిన రోజు బయట ఇరవై ఆరుగురున్నారు. ఆవిడ బల్ల మీద పడుకుని యంత్రం గుండ్రటి నోటిని చూసి, "ఇందులోకి వెళ్లినవాళ్లు వాళ్లలాగే బయటికొస్తారా, మారిపోతారా?" అంది.

"మారితే బాగుండు. మీ అబ్బాయిని తీసుకొచ్చి పడుకోబెడతాను. కదలకండి," అన్నాను.

పక్కవాటు బొమ్మ వచ్చింది. పై దవడలో కుడి వైపు తెల్లగా ఒక తొడుగు మెరిసింది. పదేళ్ల కిందట నరం తీసేసి తొడుగు వేయించుకున్న పన్ను. వేయించడానికి తీసుకెళ్లింది నేనే. దాన్ని చూశాను. నా చెయ్యి కింది గీతను పట్టుకుని దాని పైకి జరిపింది. ఆలోచించి చేసిన పని కాదు, చేతికి అలవాటైన పని. మీట నొక్కాను. తొమ్మిది సెకన్లలో అయిపోయింది. "తరవాత ఎవరు?" అని కేకేశాను.

కుడి బుగ్గ గది మొత్తం బూడిద రంగు. మిగతా గదులన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క చార లేదు. పెద్ద డాక్టరుగారు కుడి వైపు సైనస్ నిండా వాపు, చీము ఉన్నట్టుందని రాశారు. డాక్టరమ్మ ఆపరేషన్ అంది. ముక్కులోంచే గొట్టం పంపి, గది ద్వారం పెద్దది చేసి కడుగుతారట.

ఆపరేషన్ అయింది. వారం రోజులు ముక్కులో దూదితో అత్తయ్య నోటితో గాలి పీలుస్తూ కూర్చుంది. నేను సెలవు పెట్టలేకపోయాను. పొద్దున వండి పెట్టి వెళ్లడం, వచ్చి మళ్లీ వండడం. ఒళ్లు హూనమైపోయింది. దూది తీశాక మటుకు ఆవిడ ముఖం వెలిగింది. వాసన పోయింది. ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసింది. నా చీర కొంగు పట్టుకుని పీల్చి, "ఆస్పత్రి ఫినాయిలు, చెమట, చద్దన్నం," అంది. "కోర్టు తెరిచారండోయ్," అన్నారు మా ఆయన ఫోనులో. సూపర్‌వైజరుతో మాట్లాడుకుంది. వచ్చే సోమవారం రమ్మన్నాడు.

శనివారం పొద్దున పొయ్యి తుడవడానికి వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయింది.

"వచ్చింది," అంది.

నేను అడగలేదు ఏం వచ్చిందని. ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. తడిగుడ్డ చేతిలోనే ఉంది. అక్కడే ఆవిడ పక్కన కూర్చున్నాను నేను కూడా. ఇద్దరికీ లేచే ఓపిక లేదు.

డాక్టరమ్మ మళ్లీ చూసి, ఈసారి పెద్ద ఆపరేషన్ కావచ్చంది. దవడ వైపు నుంచి తెరవాలి, కోలుకోవడానికి నెల పైన పడుతుంది అంది. వానలకు ఎంతో వ్యవధి లేదు. అత్తయ్య తలూపింది. "కోయండమ్మా. కోసి, నా ముక్కు నాకివ్వండి," అంది.

ఆ వారంలోనే బండి మీంచి పడి దవడ విరిగిన అమ్మాయొకతె మా గదికి వచ్చింది. దవడ కాబట్టి గడ్డం దాకా తీయాల్సిందే. పళ్లన్నీ వచ్చాయి. ఆమెకు తొడుగులేవీ లేవు. బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతుంటే ఒక చోట నా వేలు ఆగింది. పై దవడ పళ్ల వేళ్లు ఎముకలోంచి పైకి వెళ్లి, బుగ్గ గది నేలను తాకుతున్నాయి. ఒకటైతే గదిలోకే తొంగి చూస్తోంది. ఇది నాకు తెలియని సంగతి కాదు, చదువుకున్నదే. ఇలా ఆగి చూసి పద్నాలుగేళ్లయింది, అంతే. చూడకుండా నేనే గీత గీసుకున్నాను.

ఆమెను పంపేసి అత్తయ్య స్కాన్ తెరిచాను. బయట జనం తలుపు తడుతున్నారు. పక్కవాటు బొమ్మ తెర మీదికొచ్చింది. అందులో తొడుగు వేసిన పన్ను తెల్లగా మెరుస్తోంది. దానికి సరిగ్గా పైన నా గీత ఉంది. గీత కింద ఏముందో యంత్రం చూడలేదు, డాక్టరు చూడలేదు, ఎవరూ చూడలేదు. నరం తీసిన పన్ను కాబట్టి నొప్పి రాదు. నొప్పి లేదు కాబట్టి డాక్టరమ్మ పంటిని వదిలేసింది.

బయట జనాన్ని కాసేపు ఆగమని చెప్పి లేచాను.

పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"మళ్లీ తియ్యి. ఈసారి పళ్లతో కలిపి తియ్యి," అన్నారు.

"చారలు పడతాయి సార్."

"పడనీ."

తీశాను. చారలు పడ్డాయి. చారల మధ్యలోనే పంటి వేరు చుట్టూ నల్లటి గుంట, దాని పైన గది నేలకు చిల్లు స్పష్టంగా కనిపించాయి. పంటి వేరు దగ్గర పట్టిన చీము ఆ చిల్లులోంచి పైకి ఎక్కుతోంది. పైన ఎంత కడిగినా కింద నుంచి మళ్లీ నిండుతుంది. మొదటి కోత అక్కర్లేనిది. పన్ను పీకి, చిల్లు మూస్తే సరిపోయేది.

"ఈసారి కొత్తగా కనబడిందని రాస్తాను," అన్నారాయన, నా వైపు చూడకుండా. "పాత సంగతి ఎవరూ తవ్వరు. నీకూ మంచిది, నాకూ మంచిది."

"సరే సార్," అన్నాను. వీరనారిలా వాదించానని చెప్పుకోను. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికెళ్తూ బస్సులో నిద్ర కూడా పట్టింది.

ఇంటికెళ్లి అత్తయ్యకు చెప్పాను, పన్ను వల్ల అంటున్నారు, పీకేస్తే చాలంటున్నారు, పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు అని. ఆవిడ నాలుకతో ఆ పన్ను తడిమి చూసుకుంది.

"ఇంత చిన్నదానికా," అంది. తరవాత, "మరి మొదటి ఫోటోలో ఎందుకు కనపడలేదు?"

"అప్పుడు..." అన్నాను. అప్పుడు లేదు, ఇప్పుడొచ్చింది అనాలి. మూడు మాటలు. నోట్లోకి వచ్చాయి కూడా. ఆవిడ నన్ను అనుమానంగా చూసి ఉంటే అనేసేదాన్నేమో. మామూలుగా, కోడలికి తెలుస్తుంది కాబట్టి అడిగింది.

"అప్పుడు నేను పంటి దాకా తీయలేదు అత్తయ్యా. తొడుగు చారలు పడతాయని పైనే ఆపేశాను. ఎప్పుడూ అలాగే చేస్తాను. మీ ముక్కు కోయించింది నేనే."

ఆవిడ లేచి గిన్నెలు సర్దింది. తిడితే బాగుండు అనిపించింది నాకు. ఆ తరవాత నీళ్లు తాగుతూ, "వంగినప్పుడే ఎందుకొచ్చేది కంపు?" అని అడిగింది.

"గదిలో చీము నిలవుంటుంది కదా. నిటారుగా ఉంటే కదలదు. తల వంచితే ద్వారం లోంచి ముక్కులోకి కారుతుంది. అప్పుడు కంపు కొడుతుంది."

"వంగితేనే."

"వంగితేనే."

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "వ్యాన్లలో వచ్చే క్యాన్లు బల్ల మీద వస్తాయి," అంది. "నా రొమ్ము ఎత్తున. ఏదో ఒకటి అరా కిందికి దించితే తప్ప వంగే పని లేదు. నడిచొచ్చి పోసేవే నేల మీద పెడతారు. వాటికి వంగాలి." చేత్తో నేలను చూపించింది. "రెండు క్యాన్లావిడవి నేల మీదే."

ఆవిడ లోపలికెళ్లి పడుకుంది.

పన్ను పీకారు. చిల్లు మూసి కుట్టు వేశారు. పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, మొదటి స్కాన్‌లో ఈ భాగం తీయలేదని రాయమన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని ఒక్క ముక్క రాశారు. డాక్టరమ్మ అది చదివి నాతో వారం రోజులు మాట్లాడలేదు. అయితేనేం, రెండు వారాల్లో అత్తయ్య ముక్కు శుభ్రపడింది. వంగినా కంపు లేదు. పొద్దునా సాయంత్రమూ గదిలో వంగి, లేచి, వంగి చూసుకునేది. మొదటి వాన పడడానికి ఐదు రోజుల ముందు డెయిరీకి రమ్మని కబురొచ్చింది.

నేను కూడా వెళ్లాను. తప్పు నాదని సూపర్‌వైజరుకి చెప్పాలనుకున్నాను, చెప్పాను. అతను విన్నాడు. ఇరవై క్యాన్ల మూతలు వరసగా పెట్టించాడు, కొన్ని బల్ల మీద, కొన్ని నేల మీద. అత్తయ్య ఒక్కొక్కటే పీలుస్తూ వెళ్లింది. రెండింటికి చెయ్యి అటు వెళ్లింది. కాచి చూస్తే ఆ రెండే విరిగాయి. సూపర్‌వైజరు పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

"ఒకటో తారీకు నుంచి వచ్చెయ్యమ్మా. నీ చోటు నీదే. ఒక్క సంగతి మటుకు," అని గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగాలేక సెలవు పెట్టావని చెబుదాం. మంచి పాలు వెనక్కి పంపామని వ్యానువాడు కాక ఇంకొక్కరికి తెలిసినా, రేపు అందరూ నా పాలూ మంచివే అని మీద పడతారు. పైవాళ్లు నిన్నూ ఉంచరు, నన్నూ ఉంచరు. ఎవరితోనూ అనకు."

"సరే బాబూ," అంది అత్తయ్య. నేను స్కాన్ గదిలో అన్నట్టే అంది.

మూడు రోజులు ఇంట్లో పండగ చేసుకోవాల్సింది. ఆవిడ ముభావంగా తిరిగింది. నాలుగో రోజు నాకు సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చెప్పులు వేసుకుని, "నాతో రా," అంది.

"ఎక్కడికి?"

"రెండు క్యాన్లావిడ ఇంటికి."

"అత్తయ్యా, ఆమెకు చెబితే సాయంత్రానికి డాక్ మొత్తానికి తెలుస్తుంది. మీ చోటు పోతుంది."

"పోవడమేంటి, పొద్దున వెళ్లి సూపర్‌వైజరు చేతిలో నా ఏప్రాను పెట్టేసి వచ్చాను. తరవాత మనసు మారుతుందేమోనని ముందే ఇచ్చేశాను." చెప్పు పట్టీ సరిచేసుకుంది. "నువ్వు నాకు చెప్పావు. నోరు మూసుకుంటే నాకు తెలిసేదా? తెలిసేది కాదు. చెప్పావు కదా. నేనా ఇంక చెప్పకుండా ఉండేది?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఏడుస్తూనే తాళం వేశాను. ఆవిడ ముందు నడిచింది.

ఊరి చివర రేకుల ఇల్లు. పక్కన చిన్న పాక. పాకలో ఏమీ లేదు, నేల ఊడ్చి ఉంది. ఆమె బయటికొచ్చి అత్తయ్యను చూసి కంగారుపడి, రెండు స్టూళ్లు తెచ్చి వేసింది. వయసులో అత్తయ్య కంటే చిన్నది.

"కూర్చో అక్కా. ఎండన పడి వచ్చావేంటి. ఒంట్లో ఎలా ఉంది? డాక్ మీద లేవని విన్నాను."

అత్తయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ముక్కు సంగతి, పన్ను సంగతి, వంగితే కంపు కొట్టిన సంగతి, అంతా. "నీ పాలు మంచివమ్మా. నీ ఆవుకి ఏ జబ్బూ లేదు. కుళ్లింది నా ముక్కులో."

ఆమె అర్థం కానట్టు మా ఇద్దర్నీ చూసింది. "పశువుల డాక్టరు కూడా ఏం లేదనే అన్నాడు," అంది నెమ్మదిగా. "ఆయనకేం తెలుసు, అక్క ముక్కు తప్పదు కదా అనుకున్నాను."

"ఆవేదీ?" అంది అత్తయ్య.

"సంతలో అమ్మేశాను. జబ్బు ఆవని చెప్పే అమ్మాను. దాచి అమ్మితే ఇంకో ఇంట్లో పిల్లలు ఆ పాలు తాగుతారు కదా. జబ్బు ఆవంటే ఎవరూ దగ్గరికి రాలేదు. సాయంత్రానికి కసాయి వచ్చాడు."

అత్తయ్య అప్పుడు కూర్చుంది. తప్పు నాదండీ అన్నాను నేను. గీత సంగతి, చారల సంగతి ఏదేదో చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది. చూపు మాత్రం అత్తయ్య మీదే ఉంది.

"అయితే దానికేం లేదన్నమాట," అంది.

"లేదమ్మా."

"ఆఖరి రోజు కూడానా?"

"ఆఖరి రోజు కూడా. మంచి పాలు."

ఆమె పాక వైపు చూసింది.

"పదకొండు రోజులు దాన్ని తిట్టాను అక్కా," అంది. "మేత ముందు పెట్టి మరీ తిట్టాను."